చేపలతొట్టి – కరెంటు లెక్క

గాజుతొట్టిలో రంగురంగుల చేపలు ఈదుతూంటే చూడటం ఎవరికి సరదా కాదు? మీలో కొందరి ఇళ్ళలో అలాంటి తొట్టి వుండే వుంటుంది. లేనివాళ్ళు ఏ స్నేహితుడి ఇంట్లోనో, డాక్టరుగారి గదిలోనో చూసే వుంటారు. తొట్టి వున్న ఇళ్ళలో చాలాచోట్ల ఒక అలవాటు కూడా వుంటుంది. రాత్రి అందరూ పడుకోబోయే ముందు పెద్దవాళ్ళెవరో లేచి, "చేపలు మాత్రం నిద్రపోవద్దూ? తెల్లవార్లూ ఈ మోత దేనికి? కరెంటు దండగ!" అంటూ తొట్టి స్విచ్చి కట్టేస్తారు. దానితో దీపం ఆరిపోతుంది. దీపంతోపాటు బుడగలు వదిలే గాలిపంపూ, నీటిని శుభ్రంచేసే ఫిల్టరూ కూడా ఆగిపోతాయి.

కరెంటు దండగ చేయకూడదన్న మాట నిజమే. కాని ఆ స్విచ్చి కట్టేస్తే ఎంత మిగులుతుంది? ఆ మిగిలినదానికి చేపలు ఏం చెల్లించుకుంటాయి? మనం లెక్క వేసి చూద్దాం. గుణకారం, భాగహారం వచ్చినవాళ్ళందరూ ఈ లెక్క చెయ్యగలరు.

ముందు కరెంటును ఎలా కొలుస్తారో తెలియాలి. ఒక యంత్రం ఎంత వేగంగా విద్యుచ్ఛక్తిని వాడుకుంటుందో చెప్పే కొలత వాటు. ఆవిరియంత్రాన్ని బాగుచేసిన స్కాట్లండు దేశస్థుడు జేమ్స్ వాట్ పేరే దానికి పెట్టారు. వెయ్యి వాట్ల యంత్రం ఒక గంటసేపు పనిచేస్తే మీ మీటరులో ఒక యూనిటు తిరుగుతుంది. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెకు యూనిటు ఖర్చు చెయ్యటానికి గంట చాలు. నాలుగు వాట్ల గాలిపంపుకు అదే యూనిటు ఖర్చు చెయ్యాలంటే 250 గంటలు, అంటే పది రోజులకు పైగా పడుతుంది. కనక కరెంటు ఖర్చు తెలుసుకోవాలంటే వాట్లు తెలిస్తే చాలదు, గంటలు కూడా తెలియాలి. చేపలతొట్టిలో వున్న చిత్రమంతా ఇక్కడే వున్నది. అందులోని యంత్రాలు చాలా చిన్నవి. కాని అవి పగలూ రాత్రీ ఆగకుండా పనిచేస్తాయి.

ఇప్పుడు ఒక తొట్టిని తీసుకుందాం. రెండున్నర అడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అడుగుంపావు ఎత్తు. పైన కొంచెం ఖాళీ వుంచి నింపితే దానిలో ఇంచుమించు 100 లీటర్ల నీరు పడుతుంది. దానికి 4 వాట్ల గాలిపంపు, 10 వాట్ల ఫిల్టరు, 15 వాట్ల ఎల్.ఇ.డి. దీపం వున్నాయనుకోండి. మీ తొట్టి అంకెలు వేరుగా వుండవచ్చు. ప్రతి యంత్రం మీదా దాని వాట్లు చిన్న అక్షరాలతో రాసివుంటాయి, చూసి మార్చుకోండి.

గాలిపంపు రోజుకు 24 గంటల చొప్పున 30 రోజులు పనిచేస్తే 2.88 యూనిట్లు అవుతుంది. ఫిల్టరుకు 7.2 యూనిట్లు. దీపం రోజుకు 8 గంటలు వెలిగితే 3.6 యూనిట్లు. అన్నీ కలిపితే నెలకు 13.68 యూనిట్లు. లెక్క సులువుగా వుండటానికి యూనిటు 6 రూపాయలనుకుందాం. నెలకు 82 రూపాయలు! 75 వాట్ల సీలింగు ఫాను రోజుకు ఆరు గంటలు తిరిగితే ఎంతవుతుందో అంతే.

ఇందులో ఒక మెలిక కూడా వున్నది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇళ్ళ కరెంటుకు ఒకే ధర వుండదు. వాడకం పెరిగినకొద్దీ, పైన వాడిన యూనిట్లకు ధర ఎక్కువ పడుతుంది. తెలంగాణలో 2024లో ప్రారంభమైన గృహజ్యోతి పథకం కింద, నెలకు 200 యూనిట్లు దాటకుండా వాడుకునే అర్హులైన కుటుంబాలు బిల్లు కట్టనక్కరలేకపోయింది. అలాంటి హద్దుకు దగ్గరగా వున్న ఇంట్లో ఈ 14 యూనిట్లే గట్టు దాటించవచ్చు. కనక తొట్టి కరెంటును తగ్గించాలనుకోవటం పిసినారితనమేమీ కాదు. ఎక్కడ తగ్గించాలన్నదే ప్రశ్న.

సరే, రాత్రి స్విచ్చి సంగతికి వద్దాం. గాలిపంపూ ఫిల్టరూ కలిసి 14 వాట్లు. రాత్రి 8 గంటలు వాటిని ఆపితే 112 వాటు-గంటలు మిగులుతాయి. యూనిటులో తొమ్మిదోవంతు. ధర 67 పైసలు!

రాత్రికి 67 పైసలు మిగిల్చిన ఆ ఎనిమిది గంటలలో తొట్టిలో ఏం జరుగుతుంది?

చేపలు కూడా మనలాగే ప్రాణవాయువును పీల్చి బతుకుతాయి. అయితే అవి పీల్చేది నీటిలో కరిగివున్న ప్రాణవాయువును. అది చాలా కొద్దిగా వుంటుంది. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు వుంటే, 30 డిగ్రీల వేడిలో వున్న లీటరు నీటిలో ఏడున్నర మిల్లీగ్రాములకు మించి వుండదు. నీరు వేడెక్కినకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. చేపలు దాన్ని వాడేస్తూంటే కొత్త ప్రాణవాయువు నీటి పైభాగం నుంచి లోపలికి దిగాలి. నీరు కదలకుండా వుంటే అది చాలా నెమ్మదిగా దిగుతుంది. పైనీరు కిందికీ, కిందినీరు పైకీ వస్తూంటే త్వరగా దిగుతుంది. గాలిపంపు చేసే ముఖ్యమైన పని ఇదే. బుడగలలోని గాలి అంతా నీటిలో కరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. కరిగేది కొంచెమే. బుడగలు పైకి వస్తూ నీటిని కూడా పైకి లాగుతాయి, పైకి వచ్చి పగిలి నీటి ముఖాన్ని కదిలిస్తాయి. మేలు జరిగేది అందువల్ల. ఫిల్టరు నుంచి వచ్చే నీటిధారే పైభాగాన్ని బాగా అలలు వేయిస్తూ, చేపలు కూడా కొద్దిగానే వుంటే, గాలిపంపు లేకపోయినా ఫరవాలేదు. ఆ 2.88 యూనిట్లు హాయిగా మిగుల్చుకోవచ్చు. ఆగకూడనిది నీటి కదలిక.

ఇంకొక సంగతి. తొట్టిలో మొక్కలుంటే, అవి వెలుగులో ప్రాణవాయువును ఇస్తాయి. చీకట్లో ఇవ్వవు సరికదా, చేపలతోపాటు తాము కూడా పీల్చుకుంటాయి. అందుచేత నీటిలో ప్రాణవాయువు అన్నిటికన్న తక్కువగా వుండేది తెల్లవారుజామున. పొద్దున్నే చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ మూస్తూ వుంటే, "ఆకలి వేస్తున్నది కాబోలు" అనుకుని మేత వేస్తారు కొందరు. పాపం, వాటికి వేసేది ఆకలి కాదు, ఊపిరాడటం లేదు!

ఈ సంగతి బాగా తెలిసినవాళ్ళు భీమవరం వైపు రొయ్యల రైతులు. ఆ చెరువుల్లో ఏరియేటర్లనే చక్రాలు తిరుగుతూ నీటిని తెడ్లతో ఎగజిమ్ముతూంటాయి. ఒక్కొక్కదాని మోటారు ఒకటి, రెండు అశ్వబలాలు వుంటుంది. ఒక అశ్వబలమంటే 746 వాట్లు. ఆ బిల్లు ఎంతవుతుందో ఊహించుకోండి. అయినా పైసా పైసా లెక్క చూసుకునే ఆ రైతు, పగలు ఒకటి రెండు చక్రాలను ఆపితే ఆపుతాడుగాని, అర్ధరాత్రి దాటాక ఆపడు. కరెంటు పోతే పరుగున వెళ్ళి జనరేటరు వేస్తాడు. చెరువులో రొయ్య తేలిందంటే ఆ పంటే పోయినట్టు.

ఊపిరి సంగతి అది. ఫిల్టరు ఆగితే మరొక ముప్పు వున్నది. చేపల మొప్పల నుంచీ, వాటి మలం నుంచీ, మిగిలిపోయిన మేత నుంచీ అమ్మోనియా అనే విషం నీటిలో చేరుతూంటుంది. ఫిల్టరులోని స్పాంజి చెత్తను పడుతుందని మనకు కనిపిస్తూనే వుంటుంది. కనిపించనిది ఏమిటంటే, ఆ స్పాంజి నిండా కోట్లకొద్దీ సూక్ష్మజీవులు కాపురం వుంటాయి. అవి అమ్మోనియాను నైట్రైటుగానూ, నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగానూ మారుస్తాయి. ఇలాంటి సూక్ష్మజీవుల పనిని 1890 ప్రాంతంలో సెర్గెయ్ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు రుజువుచేశాడు. వాటికి కూడా ప్రాణవాయువు కావాలి. ఫిల్టరులోంచి నీరు పారుతూ వుంటేనే అది వాటికి అందుతుంది. పెట్టెలాగా మూసివుండే ఫిల్టరును రాత్రంతా ఆపితే లోపలి ప్రాణవాయువు అయిపోతుంది, సూక్ష్మజీవులు చావటం మొదలుపెడతాయి, చెత్త కుళ్ళుతుంది. పొద్దున్న స్విచ్చి వెయ్యగానే ఆ కుళ్ళునీరంతా చేపల మీదికి వస్తుంది. 67 పైసలకు ఇదీ చెల్లింపు.

అయితే రాత్రి ఏ స్విచ్చీ కట్టకూడదా? కట్టాలి! దీపం స్విచ్చి తప్పకుండా కట్టాలి. చాలా ఇళ్ళలో తొట్టి అందం కోసమని పొద్దున వేసిన దీపాన్ని పడుకోబోయేదాకా, అంటే 16 గంటలపాటు వుంచుతారు. దానివల్ల చేపలకు విశ్రాంతి వుండదు, గాజుకు పచ్చని పాచి పడుతుంది. 8 గంటలు చాలు. దీపాన్ని 16 గంటల నుంచి 8 గంటలకు తగ్గిస్తే నెలకు 3.6 యూనిట్లు, అంటే 21 రూపాయల 60 పైసలు మిగులుతాయి. రాత్రిళ్ళు పంపునూ ఫిల్టరునూ ఆపితే నెలంతా కలిసి మిగిలేది 20 రూపాయల 16 పైసలు. చూశారా! చేపలను ఉక్కిరిబిక్కిరి చేసి మిగిల్చేదానికన్న, వాటిని చల్లగా చీకట్లో పడుకోనిస్తేనే ఎక్కువ మిగులుతుంది. కావలసిందల్లా దీపానికి వేరే స్విచ్చి వుండటం. అన్నిటినీ ఒకే బోర్డుకు తగిలిస్తేనే వస్తుంది చిక్కు.

ఇంతవరకు మనం అసలు ఖర్చుదారుని పేరే ఎత్తలేదు. అది హీటరు. గాజుగొట్టంలో వుండి, మోత చెయ్యకుండా, ఒక మూల ఎర్రని చిన్న దీపంతో నిలబడి వుంటుంది. మోత చేసే పంపును అందరూ తిడతారు, దీన్ని ఎవరూ అనుమానించరు. 100 లీటర్ల తొట్టికి సాధారణంగా 100 వాట్ల హీటరు పెడతారు. నీరు కావలసినంత వేడెక్కగానే అది తనంతట తనే ఆగిపోతుంది, చల్లబడగానే మళ్ళీ వెలుగుతుంది. చలికాలంలో రోజుకు మొత్తం 8 గంటలు వెలిగిందనుకోండి. నెలకు 24 యూనిట్లు, 144 రూపాయలు! పంపూ, ఫిల్టరూ, దీపమూ మూడూ కలిసినా దీనికి సరిరావు.

నీటిని వేడిచేయటం ఎందుకంత ఖరీదంటే, నీరు వేడిని తాగేసే పదార్థం. 100 లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించాలంటే యూనిటులో ఎనిమిదోవంతుకు కొంచెం తక్కువ కావాలి. 100 వాట్ల హీటరు గంటసేపు వెలిగినా నీటి వేడి పూర్తిగా ఒక డిగ్రీ పెరగదు. పెరిగినది కూడా నిలవదు. గాజులోంచీ, తెరిచివున్న పైభాగంలోంచీ పోతూనే వుంటుంది.

కనక హీటరు కొనేముందు అది కావలసిన చేపలేనా అని అడగాలి. గోల్డ్‌ఫిష్ పూర్వికులు చైనాదేశపు చల్లని నీటి చేపలు, వాటికి హీటరు అక్కరలేదు. గప్పీలు, ఏంజెల్ చేపలు వేడిదేశాలవి, వాటికి 24 నుంచి 28 డిగ్రీల దాకా హాయిగా వుంటుంది. మన కోస్తా ఊళ్ళలో ఏడాదిలో ఎక్కువకాలం గది వేడే వాటికి చాలు. హైదరాబాదు, ఆదిలాబాదులలో డిసెంబరు, జనవరి రాత్రులు మాత్రం హీటరు కావలసిందే. హఠాత్తుగా చల్లబడిన నీటిలో చేపలకు తెల్లమచ్చల జబ్బు సులభంగా సోకుతుంది. అప్పుడు హీటరును ఆపటం కాదు, దాని పని తగ్గించటం తెలివి. తొట్టికి మూత వెయ్యండి, వెనకవైపూ పక్కలకూ థర్మోకోలు పలకలు ఆనించండి, చలిగాలి వచ్చే కిటికీ దగ్గర నుంచి జరపండి. ఒక హెచ్చరిక: నీటిలో చెయ్యి పెట్టేముందు హీటరు ప్లగ్గు తీసి తీరాలి. అది కూడా పెద్దవాళ్ళు తియ్యాలి.

వేసవిలో కథ తిరగబడుతుంది. అప్పుడు నీటిని చల్లబరచాలి. దానికోసం కొందరు చిల్లరు అనే యంత్రం పెడతారు. అది వంద వాట్లకు పైబడి కరెంటు తాగుతుంది. కాని మన ఇళ్ళలో కరెంటు లేకుండా నీటిని చల్లబరిచే సాధనం అనాదిగా వున్నది, మంచినీళ్ళ కుండ! కుండ గోడలలోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే ఇంచుమించు మూడింట రెండు వంతుల యూనిటుకు సరిపడే వేడి పోతుంది. ఆ సంగతే తొట్టికీ వర్తిస్తుంది. మూత తీసి, సన్నని వల కప్పి, నీటిమీదికి గాలి కొట్టేటట్టు 5 వాట్ల చిన్న ఫాను పెట్టండి. వల లేకపోతే చేపలు కిందికి దూకవచ్చు. రోజుకు పది గంటలు తిరిగినా నెలకు ఒకటిన్నర యూనిటే, 9 రూపాయలు. గాలి పొడిగా వుండే అనంతపురం, రామగుండం వంటి చోట్ల ఇది బాగా పనిచేస్తుంది. ఉక్కపోత ఎక్కువగా వుండే కాకినాడలో అంతగా కాదు. కాకినాడలో కుండనీళ్ళు కూడా అంత చల్లగా వుండవుగా! ఆవిరైనంత నీటిని, ఒక రోజు ముందే పట్టి వుంచిన నీటితో, మళ్ళీ నింపుతూండాలి.

అసలు కరెంటే లేకుండా చేపలను పెంచలేమా అని మీరు అడగవచ్చు. ఎందుకు పెంచలేము? ఈ సరదా పుట్టింది కరెంటు లేని రోజుల్లోనే. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు తన ప్రయోగం గురించి లండన్‌లోని రసాయన శాస్త్ర సంఘానికి చెప్పాడు. ఆయన గాజుతొట్టిలో గోల్డ్‌ఫిష్‌లనూ, రిబ్బనులాంటి ఆకులుండే వాలిస్నేరియా అనే నీటిమొక్కనూ వుంచాడు. కొన్నాళ్ళకు మొక్క ఆకులు కుళ్ళి నీరు పాడైంది. అప్పుడు కొన్ని నత్తలను వేశాడు. అవి కుళ్ళిన ఆకులను తినేశాయి, నీరు తేరుకున్నది. చేపలకు మొక్క ప్రాణవాయువు ఇచ్చింది, చేపలు వదిలినది మొక్కకు ఎరువైంది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో జనం చూడటానికి చేపల ఇల్లు తెరిచారు. ఆ మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో ఆక్వేరియం అన్న పేరు అందరి నోటా పడింది. ఇళ్ళకు కరెంటు అమ్మే కేంద్రాలు వచ్చింది 1882లో!

వారింగ్టన్ పద్ధతిలో ఒక షరతు వున్నది. తొట్టి పెద్దదిగానూ, మొక్కలు ఎక్కువగానూ, చేపలు చాలా తక్కువగానూ వుండాలి. మనమేమో చిన్న తొట్టిలో ఇరవై చేపలు వేస్తాం. మనం వేసిన ఆ ఎక్కువ చేపల ఊపిరికే పంపు కరెంటు తాగుతుంది. ఇక గాలినే నేరుగా పీల్చే చేపలు కూడా వున్నాయి. తెలంగాణ రాష్ట్రచేప కొర్రమీను అలాంటిదే. అంగళ్ళలో కనిపించే ఫైటరు చేప కూడా మొప్పలపైన వుండే ప్రత్యేకమైన అరలతో గాలి పీల్చగలదు. ఒక్క ఫైటరును గాలిపంపు లేకుండానే పెంచవచ్చు. అలాగని జాడీలో కుక్కకూడదు, దానికీ ఈదటానికి చోటు కావాలి, నీరు మారుస్తూండాలి.

మామూలు తొట్టి వున్నవాళ్ళకు రాత్రి కరెంటు పోతే? చెంబుతో తొట్టిలోని నీటినే తీసి, జానెడు ఎత్తు నుంచి మళ్ళీ తొట్టిలోకే ధారగా పొయ్యండి. పది నిమిషాలకొకసారి ఇలా చేస్తూ వుంటే చేపలకు ఊపిరి ఆడుతుంది. మేత మాత్రం వెయ్యకండి. బ్యాటరీతో పనిచేసే గాలిపంపులు కూడా దొరుకుతాయి. గాలిపంపును నీటిమట్టంకన్న ఎత్తుగా వుంచాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు గొట్టంలోంచి నీరు వెనక్కు జారి పంపులో దూరుతుంది.

ఇక మీ తొట్టి నిజంగా ఎంత కరెంటు తాగుతున్నదో మీ మీటరే చెబుతుంది. ఈనాటి మీటర్లలో ఎర్రని చిన్న దీపం మిణుకుమంటూ వుంటుంది. మీటరు మీద 3200 అనో, 1600 అనో, ఇంకేదో ఒక అంకె రాసివుంటుంది. దీపం అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిటు అయిందన్నమాట. ఒక పూట అమ్మనో నాన్ననో అడిగి, అయిదు నిమిషాలపాటు ఇంట్లో ఫ్రిజ్జుతో సహా అన్నీ ఆపించి, తొట్టిని ఒక్కదాన్నే నడవనివ్వండి. మీటరును ముట్టుకోకుండా దూరంగా నిలబడి, ఒక మిణుకుకూ మరొక మిణుకుకూ మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 36 లక్షలను ఆ సెకన్లతో భాగించి, వచ్చినదాన్ని మీటరు మీది అంకెతో మళ్ళీ భాగించండి. అవే మీ తొట్టి వాట్లు. 3200 మీటరులో మన పంపూ ఫిల్టరూ మాత్రమే నడుస్తూంటే 80 సెకన్లకు ఒకసారి మిణుకుమంటుంది. 100 వాట్ల హీటరు ఒక్కటే వెలిగితే 11 సెకన్లకే! వేసవిలో ఒకసారి, సంక్రాంతి చలిలో ఒకసారి చూసి, రెండు అంకెలనూ తొట్టి పక్కన గోడమీద రాసిపెట్టండి. రాత్రి స్విచ్చి కట్టటానికి వచ్చినవాళ్ళకు అవి చూపించవచ్చు.